పేపరు అడ్డం పెట్టిన పెద్దాయనకు

నిన్న సాయంత్రం ఆర్డరు వచ్చింది. మా గల్లీ మూల మీద బైకులు అడ్డంగా పెట్టుకుని, తోపుడు బండ్లవాళ్ల దగ్గర మామూళ్లు గుంజే గ్యాంగును ఏడాదిపాటు బైండోవర్ చేశారు, అంటే ఇక గొడవలకు దిగం అని వాళ్లతో బాండు రాయించుకుంటారు. రాత్రంతా నిద్ర లేదు, రాసిందాంట్లో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

వాళ్లను నిలదీసినందుకు నాన్నను కొట్టారు. అక్కడ మొదలైంది ఇదంతా. మా ఆయన, అన్నయ్య, వదిన అండగా ఉన్నారు, వాళ్లకు వేరే థాంక్స్ చెప్పాలా.

చెప్పాల్సింది మూడో వాయిదా గురించి. ఆ రోజు నేనొక్కదాన్నే వెళ్లాను. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆఫీసు వరండాలో ఒకటే బెంచీ. దాని ఆ చివర ఆ కుర్రాళ్లు. ఒకడు ఫోనెత్తి నా మొహం వీడియో తీస్తున్నాడు. లేచి వెళ్లిపోదామనుకున్నా. అంతలో గేటు దగ్గర చెట్టు కింద అర్జీలు టైపు చేసే పెద్దాయన వచ్చి, నాకూ వాళ్లకూ మధ్య కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. పేపరు పూర్తిగా విప్పి నా మొహానికి అడ్డంగా పట్టుకున్నారు. రెండు గంటలు! ఒక్క పేజీ తిప్పలేదు. నా పేరు పిలిచినప్పుడు మాత్రం "వెళ్లమ్మా, నిదానంగా చెప్పు" అన్నారు.

సాక్ష్యం చెప్పి బయటికొచ్చి చూస్తే ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆయనకూ భయమే. నాన్నను ఆసుపత్రిలో చూసినప్పుడు కూడా ఏడవని దాన్ని, ఆ మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. బాబాయ్, ఆ పూటంతా మీ మిషన్ మీద కవరు కప్పే ఉంది. మీ పేరైనా అడగలేదు నేను.

ఇక నా బాధ. ఈ బైండోవర్ కేసులు నడిచేది బీఎన్ఎస్ఎస్ అనే చట్టం 126వ సెక్షన్ కింద. ఆ విచారణ ఆరు నెలల్లో తేలకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, కేసే మురిగిపోతుంది. అది తెలిసే వాళ్లు వాయిదా మీద వాయిదా అడిగారు, ఇచ్చేవాళ్లు ఇచ్చారు. సాక్షినీ వాళ్లనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం ఏం పద్ధతండీ? ఇంకో గది లేదా? "పీడీ యాక్ట్ పెట్టించండి, ఏడాది లోపలుంటారు" అని చాలామంది సలహా ఇచ్చారు. కేసు విచారణ లేకుండానే ముందుగా జైల్లో పెట్టే ఆ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టే మన తెలంగాణకు అక్షింతలు వేసింది. నాకు వాళ్లు జైల్లో ఉండక్కర్లేదు, మా నాన్న పాల ప్యాకెట్టుకు భయం లేకుండా వెళ్లొస్తే చాలు.

అయ్యో, లీగల్ సర్వీసెస్ వాళ్లిచ్చిన లాయరమ్మను మర్చిపోయా! పైసా తీసుకోలేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితమేనట, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. సీసీ కెమెరా వీడియో ఇచ్చిన మెడికల్ షాపు అన్నకు కూడా థాంక్స్. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటో తమ్ముడూ, సీటుకు అంటిన రక్తం నువ్వే కడుక్కున్నావని తర్వాత తెలిసింది.