విడదీయమన్నదీ మీరే, రెండూ ఒకటేనన్నదీ మీరే: కేంద్ర వాణిజ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విషయం: నావిగేషన్ పరికరాల పేటెంట్ దరఖాస్తులపై డబుల్ పేటెంటింగ్ (ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు) అభ్యంతరాలు.

కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం చుట్టుపక్కల పడవలకు జీపీఎస్, ఎకో సౌండర్ (ధ్వనితో లోతు కొలిచే) పరికరాలు తయారుచేసేవాళ్లం, వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం, వాటి పేటెంట్ కాగితాలు చూసేవాళ్లం కలిసి రాస్తున్నాం. ఇదే సంగతి మీద ఇంతకుముందు పంపిన వినతులకు రసీదు నంబర్లు వచ్చాయి. కొన్నాళ్లకు ‘పరిష్కరించబడింది’ అన్న సందేశమూ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎలా పరిష్కరించారో అందులో లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది. పేటెంట్ చట్టం తమరి శాఖ చేతిలోదే కనుక సెక్షన్లను తమరికి కొత్తగా పరిచయం చేసే సాహసం చేయం; చదివే నలుగురి కోసం మాత్రం అక్కడక్కడా అర్థం చెబుతాం.

ఒక దరఖాస్తు వేస్తే, ‘ఇందులో ఒకటికి మించి ఆవిష్కరణలు ఉన్నాయి, సెక్షన్ 10(5) ఒప్పుకోదు’ అంటారు. సరే అని సెక్షన్ 16 కింద రెండోదాన్ని విడదీసి డివిజనల్ దరఖాస్తు వేస్తే, ‘ఇది మొదటిదానిలో ఉన్నదే, ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు కుదరవు’ అంటారు. మొదటి దరఖాస్తులో రెండుగా కనబడినవి రెండో దరఖాస్తు చేతికి వచ్చేసరికి ఒకటి ఎలా అవుతాయో మాకు అర్థం కావడం లేదు. నావిగేషన్ రంగంలో ఇది మరీ ఎక్కువ. దానికి కారణం మా తెలివితక్కువతనం కాదు, వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకూ అల్గారిథమ్ (లెక్క కట్టే పద్ధతి)కూ పేటెంట్ లేదనే సెక్షన్ 3(కె).

మా ప్రాంతం నుంచే ఉదాహరణ తీసుకుందాం. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి భైరవపాలెం వైపు సముద్రంలో కలుస్తాయి. ఆ మొగల్లో ఇసుక మేటలు వరద వచ్చినప్పుడల్లా చోటు మారతాయి. కిందటేడు పడవ నడిచిన దారిలో ఈ ఏడు మేట ఉండొచ్చు. అచ్చువేసిన పటం ఇక్కడ అక్కరకు రాదు. ఇలాంటి చోట దారి చూపే పరికరంలో ఏముంటాయి? జీపీఎస్ 1575.42, మన దేశ ఉపగ్రహ వ్యవస్థ నావిక్ 1176.45 మెగాహెర్ట్జ్ సంకేతాలు అందుకునే రిసీవర్, పడవ అడుగున ధ్వని పంపి ప్రతిధ్వని పట్టే రెండు ఫ్రీక్వెన్సీల ట్రాన్స్‌డ్యూసర్, ప్రాసెసర్, మెమరీ, తెర. ఇంతే. పెట్టె ఒకటే.

ఆ పెట్టెలో చేసే పనులు మాత్రం వేరు. 200 కిలోహెర్ట్జ్ ధ్వని పలచటి బురద పైపొరకు తగిలి వెనక్కి వస్తుంది. 50 కిలోహెర్ట్జ్ ధ్వని ఆ బురదలోకి దిగి గట్టి అడుగును తాకి వస్తుంది. రెండు లోతులూ దగ్గర దగ్గరగా ఉంటే కింద గట్టి ఇసుక, తేడా ఎక్కువుంటే పైన మెత్తటి బురద. తెరమీద రెండు సందర్భాల్లోనూ ఒకే లోతు కనిపించొచ్చు. కానీ బురదలోంచి పడవ నెట్టుకుపోగలదు, ఇసుకలో కూరుకుపోతుంది. ఈ తేడా పట్టడం ఒక ఆవిష్కరణ. ఇక రెండోది: వచ్చిపోయే పడవలన్నీ నమోదు చేసిన లోతుల్లోంచి పోటు, పాటు ఎత్తులను తీసేసి ఒకే మట్టానికి తేవడం, వరద రాగానే పాత కొలతల విలువ తగ్గించడం, అలా దారిపటాన్ని ఎప్పటికప్పుడు మార్చుకోవడం. మొదటిది కింద ఏముందో చెబుతుంది, రెండోది దారి ఎటుందో చెబుతుంది. ఒకటి లేకుండా రెండోది పనిచేస్తుంది. పేటెంట్ల వర్గీకరణలో కూడా సోనార్ పని జీ01ఎస్ 15 కిందికి, దారి లెక్క జీ01సీ 21 కిందికి పోతుంది.

ఈ రెంటినీ ఒకే వివరణ పత్రంలో, అంటే స్పెసిఫికేషన్‌లో రాసి వేస్తే మొదటి పరీక్ష నివేదికలో రెండు అభ్యంతరాలు పక్కపక్కనే వస్తాయి. ఒకటి, ఆవిష్కరణలు రెండున్నాయి. రెండు, పద్ధతి క్లెయిములు (ఇది మాది అని హక్కు కోరే వాక్యాలు) అల్గారిథమ్ కాబట్టి 3(కె) కింద చెల్లవు. రెండోదాన్ని తప్పించుకోవాలంటే ప్రతి క్లెయిములోకీ రిసీవర్‌ను, ట్రాన్స్‌డ్యూసర్‌ను, ప్రాసెసర్‌ను తెచ్చి కూర్చోబెట్టాలి. కూర్చోబెడతాం. ఇప్పుడు ఒక క్లెయిములో పది పంక్తులుంటే ఏడు పంక్తులు పెట్టె వర్ణనే. అసలు ఆవిష్కరణ మిగిలిన మూడు పంక్తుల్లో ఉంటుంది. మొదటి అభ్యంతరం తీర్చడానికి రెండో భాగాన్ని డివిజనల్‌గా వేస్తాం. దానికీ 3(కె) భయమే కనుక అందులోనూ అవే ఏడు పంక్తులు. అప్పుడు వస్తుంది నివేదిక: ‘క్లెయిములు 1 నుంచి 8 వరకు మొదటి దరఖాస్తు క్లెయిములతో కలుస్తున్నాయి, సెక్షన్ 16(3), 46(2) చూడండి’. (46(2) అంటే ఒక పేటెంట్ ఒక ఆవిష్కరణకే అన్నది; 16(3) సంగతి కింద చెబుతాం.) ఎక్కడ కలుస్తున్నాయి? ఆ ఏడు పంక్తుల్లో! అవి తీసేస్తామంటే, ‘పరికరం లేదు, వట్టి అల్గారిథమ్’ అని 3(కె) మళ్లీ మొదటికి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అల్గారిథమ్ వాడినంత మాత్రాన ఆవిష్కరణను తోసేయకూడదనీ, సాంకేతిక ఫలితం ఉందా అని చూడాలనీ ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరిద్ అల్లాని కేసులో చెప్పింది. పరికరం కొత్తదై ఉండాలన్న షరతు 2017 మార్గదర్శకాల్లోనే పోయింది. అయినా నివేదికల్లో ఆ వాసన పోలేదు.

అసలు సెక్షన్ 16(3) ఏమంటుంది? ఒకదానిలో క్లెయిము చేసినది ఇంకోదానిలో లేకుండా చూసేందుకు కంట్రోలర్ (పేటెంట్ మంజూరు చేసే అధికారి) ‘సవరణ కోరవచ్చు’ అంటుంది. ఏ క్లెయిములో ఏ లక్షణం అవతలి ఏ క్లెయిములో ఉందో ఒక పట్టికలో చూపి, ఇది మార్చండి అంటే మార్చమా? పట్టిక రాదు. ఒక్క వాక్యం వస్తుంది. దానికి ఆరు నెలల్లో జవాబు రాయాలి, ఇంకో మూడు నెలలు కావాలంటే నెలనెలా రుసుము కట్టాలి. హియరింగ్‌లో ఏ లక్షణం కలిసిందని అడిగితే, మొత్తం చూడండి అంటారు. తమరి శాఖలో ఎంతోమంది చదువుకున్న అధికారులున్నారు. క్లెయిముల పట్టిక వేయడం వాళ్లకు రాదని మేం అనుకోం. ఎవరూ వేయమని చెప్పలేదని అనుకుంటున్నాం.

డబుల్ పేటెంటింగ్ అంటే ఎందుకు భయపడాలో కూడా ఒకసారి చూడండి. అమెరికాలో ఆ భయానికి అర్థముంది. అక్కడ కార్యాలయం చేసిన ఆలస్యానికి పేటెంట్ గడువు పొడిగిస్తారు. దానివల్ల ఒకే మూల దరఖాస్తు నుంచి పుట్టిన పేటెంట్లు వేర్వేరు తేదీల్లో ముగుస్తాయి. 2023లో సెలెక్ట్ కేసులో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాని మీదే తీర్పు చెప్పింది. అయినా వాళ్లు దారి ఉంచారు: రెండోది మొదటిదాంతోపాటే ముగుస్తుందనీ, రెండూ ఒకరి చేతిలోనే ఉంటాయనీ రాసిస్తే చాలు. మన దేశంలో ఆలస్యానికి గడువు పొడిగింపు లేదు. డివిజనల్‌కు మొదటి దరఖాస్తు తేదీయే తేదీ, 20 ఏళ్లు అక్కడి నుంచే. అంటే రెండూ ఒకే రోజు ముగుస్తాయి. గడువు సాగదీసే అవకాశమే లేనిచోట సాగదీస్తారేమోనని అనుమానం! రెంటినీ ఇద్దరికి అమ్మి, ఒకే తయారీదారు మీద ఇద్దరూ కేసు వేస్తారన్న భయముంటే, విడివిడిగా అమ్మబోమని హామీ రాయించుకోండి. రాసివ్వడానికి సిద్ధం.

ఇంకోటి, అన్నిటికన్నా ప్రమాదమైనది. డివిజనల్ వేయాలంటే మొదటిది మంజూరయ్యేలోపే వేయాలి. మంజూరుకు ముందు మాకు కబురు రాదు. హియరింగ్ అయ్యాక 15 రోజుల్లో లిఖిత వాదన ఇస్తాం, ఆ తరవాత ఏ రోజైనా మంజూరు కావచ్చు, లేదా తిరస్కరించవచ్చు. ఆ ఉత్తర్వు వచ్చిన క్షణాన తలుపు మూసుకుపోతుంది. ఆవిష్కరణలు రెండున్నాయన్న అభ్యంతరాన్ని కంట్రోలర్ చివరికి ఒప్పుకున్నారా, వదిలేశారా అన్నది ఉత్తర్వు చూస్తేగాని తెలియదు. కాబట్టి తెలిసినవాళ్లు హియరింగ్‌కు ముందే, అవసరమున్నా లేకపోయినా, ఒక డివిజనల్ వేసి ఉంచుతారు. తమరి కార్యాలయాల్లో డివిజనల్స్ పేరుకుపోతున్నాయంటే అందులో కొన్ని ఈ భయంతో వేసినవే. తెలియనివాళ్లు, అంటే మా దగ్గర సొంతంగా పరికరాలు చేసుకునే కుర్రాళ్లు, రెండో ఆవిష్కరణను పూర్తిగా పోగొట్టుకుంటారు. ఆపాటికి స్పెసిఫికేషన్ 18 నెలల ప్రచురణలో బయటికొచ్చేసి ఉంటుంది. కొత్తగా వేస్తే వాళ్ల ప్రచురణే వాళ్లకు అడ్డు.

2023 అక్టోబరులో సిన్జెంటా కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, రెండో ఆవిష్కరణ మొదటి దరఖాస్తు క్లెయిముల్లోనే ఉండనక్కర్లేదు, స్పెసిఫికేషన్‌లో వెల్లడిస్తే చాలని చెప్పింది. 2024 మార్చి 15 నాటి సవరణ నియమాల్లో తమరే ఆ మాట చెప్పే నియమం 13(2ఎ) చేర్చారు. దానికి ధన్యవాదాలు, మనస్ఫూర్తిగా. కానీ తలుపు వెడల్పు చేసి గుమ్మంలో అదే 16(3) అభ్యంతరాన్ని నిలబెడితే లాభమేంటి?

ఖర్చు సంగతి వేగంగా చెప్పేస్తాం. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తుకు 1,600 రూపాయలు, పరీక్షకు 4,000. స్పెసిఫికేషన్ 30 పుటలు దాటితే పుటకు 160, క్లెయిములు 10 దాటితే ఒక్కోదానికి 320. పటాలతో కలిపి 70 పుటలైతే అదనంగా 6,400. మొత్తం 12,000. డివిజనల్‌లోనూ అవే పుటలు పెట్టాలి కనుక ఇంకో 12,000. ఏజెంటు ఫీజు వేరు. డివిజనల్ తొమ్మిదో ఏట మంజూరైందనుకుందాం. మూడో ఏడాది నుంచి రెన్యూవల్ ఫీజు బకాయిలన్నీ ఒకేసారి కట్టాలి: నాలుగేళ్లకు 800 చొప్పున, మూడేళ్లకు 2,400 చొప్పున, 10,400. గడువు మూడు నెలలు. చేతిలో మిగిలేది పదకొండేళ్ల చిల్లర.

మెరుగుదలకు సెక్షన్ 54 కింద అడిషన్ పేటెంట్ ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. రెన్యూవల్ ఫీజు లేదు, ప్రధాన ఆవిష్కరణను చూపించి ఇందులో కొత్త ఆలోచన లేదనడానికీ వీల్లేదు. మంచి ఏర్పాటే. కానీ ప్రధాన పేటెంట్ మంజూరయ్యేదాకా ఇది కదలదు. ప్రధానమైనదేమో పైన చెప్పిన సుడిగుండంలో ఉంటుంది. పైగా దీన్ని ‘మార్పు కాదు, వేరే ఆవిష్కరణ’ అన్నవాళ్లూ ఉన్నారు. అదే దరఖాస్తుదారుడు మామూలుగా వేస్తే, ‘వేరే ఆవిష్కరణ కాదు, నీదే పాతది’ అని, ముందటి దరఖాస్తులో క్లెయిము చేసినది మళ్లీ చెల్లదనే సెక్షన్ 13(1)(బి) చూపినవాళ్లూ ఉన్నారు.

నావిక్ ఎల్1 సంకేతంతో 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం పైకి వెళ్లినప్పుడు, ఇక దేశీయ రిసీవర్లు, దేశీయ పరికరాలు అని పెద్దలంతా చెప్పారు. సంతోషం. ఆ పరికరాలు చేసేవాళ్లు పేటెంట్ కోసం నిలబడే వరసను కూడా చూడండి.

మేం అడిగేవి కొత్త చట్టాలు కావు. రెండు దరఖాస్తులూ కలిశాయని రాసే ప్రతి నివేదికతోపాటు క్లెయిముకు క్లెయిము పట్టిక ఇప్పించండి. 3(కె) కోసం చేర్చిన రిసీవర్‌ను, ప్రాసెసర్‌ను కలయిక లెక్కలోంచి తీయించండి, కలిసిందో లేదో ఆ మిగిలిన మూడు పంక్తుల్లో చూడమనండి. మొదటి దరఖాస్తును, డివిజనల్‌ను ఒకే ఎగ్జామినర్‌కు ఇప్పించండి. ఆవిష్కరణలు రెండున్నాయన్న అధికారే, అవి ఒకటేనని ఎలా అనగలరో అప్పుడు చూద్దాం. రెండుగా విడదీయమన్నప్పుడు ఏయే క్లెయిములు ఏ గుంపులోకి వస్తాయో అక్కడే రాయించండి. రాసిన గుంపుల ప్రకారం విడదీస్తే మళ్లీ ఆ మాట ఎత్తకుండా చూడండి. పట్టిక మాత్రం తప్పక ఇప్పించండి. ఇది రెండోసారి అడుగుతున్నామని తెలుసు, ఎన్నిసార్లయినా అడుగుతాం.

ఇవన్నీ ఇప్పుడే కుదరవంటే, ఒక్కటి చేయండి. మంజూరు ఉత్తర్వుకు 30 రోజుల ముందు, ‘ఈ క్లెయిములతో మంజూరు చేయబోతున్నాం’ అని దరఖాస్తుదారుకు ఒక ఈమెయిల్ పంపేలా నియమాల్లో ఒక వాక్యం చేర్చండి. ఆ 30 రోజుల్లో డివిజనల్ కావలసినవాళ్లు వేసుకుంటారు, అక్కర్లేనివాళ్లు ఊరుకుంటారు, భయంతో ముందే వేసేవి తగ్గి తమరి ఎగ్జామినర్ల బల్లల మీద భారమూ తగ్గుతుంది. ఆ వాక్యం ఎప్పటిలోగా చేరుతుందో తేదీతో జవాబు ఇప్పించగలరని కోరుతున్నాం.

ఇట్లు,
గోదావరి డెల్టాలో నావిగేషన్ పరికరాల తయారీ, పేటెంట్ పనుల్లో ఉన్నవారు