నల్ల క్రేట్లు ఇక చేయం

విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గర ఏళ్ల తరబడి క్రేట్లు తీసుకుంటున్న మీ అందరికీ నమస్కారం.

ఈ మామిడి సీజన్‌లో నున్న మార్కెట్‌కు వెళ్లిన మా నల్ల క్రేట్లు కొన్ని అడుగున పగిలాయి. కాయలన్నీ నేలపాలయ్యాయని మొదటి ఫోన్ వచ్చినప్పుడు, లోడ్ ఎక్కువేసి ఉంటారని అనేశాను. ఆ మాట అనాల్సింది కాదు. మన్నించండి.

పగిలిన క్రేటు తెప్పించి మూల దగ్గర బ్లేడుతో కోశాను. ఉల్లిపొరల్లా ఊడొచ్చింది. 22 ఏళ్లుగా మౌల్డింగ్ చేస్తున్నాను, చూడగానే తెలిసిపోయింది. క్రేట్లు చేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌లో పీపీ అనే వేరే ప్లాస్టిక్ కలిసింది. కలిపి కరిగించినా ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కోవు. పైకి ఒకటిగానే కనిపిస్తాయి, బరువు పడితే విడిపోతాయి.

మన క్రేటు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా. స్కాన్ చేస్తే ఏ రోజు పోశాం, ఏ దానా (పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన గింజలు) వాడాం, ఎవరి దగ్గర కొన్నాం, అన్నీ వస్తాయి. పగిలినవన్నీ 640 క్రేట్లున్న ఒకే లాట్‌వి, ఒకే సప్లయర్ సరుకు. నిలదీస్తే, "నీళ్లలో వేసి చూసుకోండి, తేలుతుంది, నాది ప్యూర్" అన్నాడు. తేలుతుంది. పీపీ కూడా తేలుతుంది! హెచ్‌డీపీఈ సాంద్రత 0.95 దగ్గర ఉంటే పీపీది 0.90. రెండూ నీటికన్నా తేలికే. పీవీసీ అయితే మునిగేది. తొమ్మిదేళ్లుగా నా దగ్గర డబ్బు తీసుకుంటున్న మనిషి నాకే ఈ పాఠం చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విరిగిన ప్రతి క్రేటూ మా దగ్గరికే తిరిగి రావాలి, మళ్లీ క్రేటే కావాలి అని మీకు మాటిచ్చింది నేను. దానా సంచి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కోడ్ చెప్పింది. సంచిలో ఏముందో ఎలా చెబుతుంది? ఆయనిచ్చిన కాగితం చూసి మేమే ఎక్కించాం.

కొత్త ప్లాస్టిక్‌తో చేసెయ్, ఈ టెన్షన్ ఉండదు అని అందరూ అన్నారు. ఇంట్లోనూ అదే మాట. రెండు వారాలు ఆలోచించాను. చేయను. ఏలూరు కాలవలో విరిగిన క్రేట్లు కొట్టుకుపోవడం చూసి మొదలుపెట్టిన పని ఇది. ఒక మనిషి మోసం చేశాడని వదిలేయలేను.

అప్పు చేసి చేతి స్కానర్ కొన్నాను. ముక్క మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, అది ఏ ప్లాస్టిక్కో చెబుతుంది. అన్నీ కరిగి కలిసిపోయిన దానా ఇక కొనం, గ్రైండ్ చేసిన ముక్కలే కొంటాం. ప్రతి సంచిలోంచి గుప్పెడు తీసి, ముక్క ముక్కా పరీక్షించి, ఆ ఫలితాన్నే కోడ్‌లో ఎక్కిస్తాం. కాకపోతే నల్ల ప్లాస్టిక్‌ను ఈ స్కానర్ పట్టలేదు. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఆ కాంతిని మింగేస్తుంది. పరీక్షించలేని సరుకు కొనను. కాబట్టి ఇకపై నీలం, ఎరుపు క్రేట్లు మాత్రమే. క్రేటుకు 18 రూపాయలు పెరుగుతుంది. నలుపే కావాలని అడిగే పాత ఖాతాదారులు కొందరు వెళ్లిపోతారని తెలుసు, బాధగానే ఉంది.

ఆ లాట్‌లో ఇంకా 212 క్రేట్లు మీ దగ్గరే ఉన్నాయి. స్కాన్ చేసినప్పుడు ఎర్ర గుర్తు వస్తే, పగలకపోయినా తెచ్చేయండి. బదులుగా నీలం క్రేటు ఇస్తాం, పైసా తీసుకోం. పోయిన కాయల చీటీ కూడా తెండి, ఆ డబ్బు నేనే కడతాను. వెనక్కొచ్చినవి బరువు మోయని మొక్కల తొట్లకే వాడతాం. ఈ నెలంతా ఆదివారం కూడా గేటు తీసే ఉంటుంది.