వార్షిక నివేదిక: కోళ్ల ఫారాల మీద ఈ ఏడాది మన పని

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి నివేదిక పెట్టాలి కాబట్టి రాస్తున్నాను, ఎండనక వాననక తిరిగినవాళ్ల కష్టం అందరికీ తెలియాలని కూడా.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది హనుమకొండలో భద్రకాళి బండ్ మీద పెట్టిన కేజ్ ప్రదర్శన. అడగ్గానే పాత కేజ్ ఇచ్చిన లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం రైతుకు దండాలు. వెడల్పు 15 అంగుళాలు, లోతు 12, అందులో మూడు కోళ్లు. పక్కన ఏ4 కాగితం పెట్టాం. ఒక్కో కోడికి ఆ కాగితమంత జాగా కూడా రాదని చూసి వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆగిపోయారు. రెక్క చాపడానికి లేదు, నేల గీరడానికి లేదు, ఏటవాలు తీగల మీదే ఏడాదికి పైగా నిలబడి గుడ్లు పెట్టాలి, ఒకదాన్నొకటి పొడవకుండా పిల్లలుగా ఉన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు. "గుడ్డు పెట్టేందుకు గంప ఏది?" అని ఒక పాప అడిగితే అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు.

కదలడానికి చాలినంత జాగా లేని బోనులో జంతువును పెట్టడం నేరమని 1960 జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ చెబుతోంది. చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2017లో 269వ నివేదికతో పాటు కోళ్ల పెంపకానికి ముసాయిదా నిబంధనలే రాసిచ్చింది. ఇక్కడ మాత్రం టేపు పెట్టి కొలిచే నాథుడు లేడు. మన అర్జీకి రశీదు దొరికింది కానీ జవాబు రాలేదు, ఫారానికి వస్తామన్న అధికారులు ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు.

బ్రాయిలర్ రైతును మాత్రం తిట్టుకోవద్దు. పిల్లలు, దాణా కంపెనీవి, ఆయనకు మిగిలేది కిలోకు ఇంతని ఇచ్చే గ్రోయింగ్ చార్జీ, అంటే పెంపకం కూలి. ఆరు వారాలకే రెండు కిలోలు పెరిగే కోడికి ఒళ్లు మోసే కాళ్లు ఉండవు, చెమట పట్టదు కాబట్టి మే ఎండలకు నోరు తెరిచి రొప్పి రొప్పి పడిపోతుంది. పరకాల, వర్ధన్నపేట వైపు షెడ్లకు చల్లదనం కోసం గోనెపట్టాలు కట్టి తడిపినవాళ్లు మనలో ఐదారుగురే. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్లు మాత్రం చాలామంది, బండి తీసేసరికి ఒక్కరూ కనపడలేదు, ఇది బాధతోనే రాస్తున్నాను.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి గారు చదువుతారు. మైకు ఇచ్చిన టెంట్ హౌస్ వాళ్లకు, కరపత్రాలు ఉచితంగా కొట్టించిన ప్రెస్ వారికి, మందులిచ్చిన డాక్టరమ్మకు ధన్యవాదాలు.

వచ్చే ఎండాకాలం డ్యూటీ కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది, పేరుతో పాటు వచ్చే తేదీ కూడా రాయండి.