లైపో బ్యాటరీల విషయంలో జాగ్రత్తలు చెప్పేదెవరు?

సంపాదకుల వారికి,

వేసవి సెలవులు వచ్చాయంటే విశాఖలో పిల్లల చేతుల్లోకి రిమోట్ కార్లు, డ్రోన్లు, బుల్లి విమానాలు వచ్చేస్తాయి. ఆ సరదా మంచిదే, చేతిపని కూడా నేర్పుతుంది. నా బెంగంతా వాటి బ్యాటరీలను ఇళ్లలో చార్జింగ్ పెడుతున్న తీరు గురించే.

వీటిలో చాలావాటికి ఇప్పుడు లిథియం పాలిమర్, అంటే లైపో బ్యాటరీలే. బ్యాటరీ ప్యాక్‌లోని ఒక్కో సెల్లు (లోపలి విడి బ్యాటరీ) నిండితే 4.2 వోల్టులు. అది దాటితే లోపల వాయువు పుట్టి ప్యాక్ పూరీలా ఉబ్బుతుంది. ముదిరితే మంటలే, ఆ పొగా విషమే. మూడు సెల్లుల ప్యాక్‌కు లావు తీగలతో పాటు తెల్ల ప్లగ్గు ఉన్న నాలుగు సన్న తీగలు ఉంటాయి. సెల్లులను విడివిడిగా చూసి సమానం చేయడానికే అవి. ఆ ప్లగ్గు పెట్టకపోతే చార్జర్ మీద మొత్తం 12.6 వోల్టులు సరిగ్గానే కనిపిస్తుంది. లోపల మాత్రం ఒక సెల్లు 4.05 దగ్గరే ఆగిపోయి, ఇంకొకటి 4.35 దాకా పోయి ఉండవచ్చు. ఇక నికెల్ బ్యాటరీల చార్జర్‌కు లైపోను తగిలించడమంటే నిప్పుతో చెలగాటమే.

తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప 2200 ఎంఏహెచ్ సామర్థ్యం ఉన్న ప్యాక్‌కు చార్జింగ్ కరెంటు 2.2 ఆంపియర్లు మించకూడదు. ఆట ముగిశాక ప్యాక్ వేడి తగ్గనిచ్చే చార్జింగ్ పెట్టాలి, మన మే నెల ఎండల్లో ఇది మరీ ముఖ్యం. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకోవడం, సోఫా మీద వదిలి బజారుకు వెళ్లడం మానాలి. చాలా ఫ్లాట్లలో గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీదే చార్జర్ పెడుతున్నారు. అక్కడే అంటుకుంటే ఇంట్లోవాళ్లు బయటికి ఎలా వస్తారు? టైల్స్ నేల మీద, చుట్టూ ఏమీ లేని చోట, మనిషి కళ్లముందే చార్జి కావాలి. మంట లేస్తే ముందు అందరూ బయటపడి 101కి ఫోన్ చేయాలి.

ఇవేవీ కొనేవారికి చెప్పేవారు లేరు. నేను ప్యాక్ కొన్న దుకాణంలో తెలుగులో ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు, అడిగితే 'అందరూ ఇలాగే వాడుతున్నారండీ' అన్నారు. అమ్మేవారు ప్యాక్‌తో పాటు తెలుగులో జాగ్రత్తల కాగితం ఇవ్వాలి. సెల్లులను సమానం చేసే చార్జర్ లేనివారికి ప్యాక్ అమ్మకూడదు.

ఉబ్బిన ప్యాక్‌లది మరో సమస్య. పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. అయినా చాలామంది చెత్త బండిలోనే వేస్తున్నారు. బండిలో చెత్తను నొక్కేటప్పుడు ప్యాక్ చితికితే మంట లేస్తుంది, దాని పక్కన ఉండేది పారిశుధ్య కార్మికులు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వార్డు సచివాలయాల్లో పాత బ్యాటరీల కోసం విడిగా ఇసుక పోసిన ఇనుప డబ్బాలు పెట్టించి, వాటిని రీసైక్లింగ్ చేసేవారికి అప్పగించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం