ఆ ఆకుపచ్చ బ్రెయిడ్ దారం వాడకండి, తెచ్చి ఇచ్చేయండి

మన అంగడిలో ఈ వేసవిలో 40 పౌండ్ల ఆకుపచ్చ బ్రెయిడ్ దారం (సన్న పోగులు అల్లిన గాలపు దారం) కొన్న అన్నలకు, తమ్ముళ్లకు ఈ మాట. దాంతో గాలం వేయడం ఆపండి. రీలుకు ఎక్కించినా, సగం తెగిపోయినా, మిగిలింది తెచ్చి ఇవ్వండి. బిల్లు అడగం, డబ్బు మొత్తం ఇస్తాం.

40 పౌండ్లంటే సుమారు 18 కిలోల లాగుడుకు తెగకుండా ఆగాలి. స్ప్రింగ్ కాటాకు తగిలించి లాగితే ఒక మీటరు 14 కిలోల దాకా ఆగింది, దాని పక్క మీటరు 7 కిలోలకే తెగింది. సరుకు పంపినతన్ని అడిగితే, మీ కస్టమర్లకు ముడి వేయడం రాదు అన్నాడు. నెల్లూరు చెరువులో, కనిగిరి రిజర్వాయరులో జమ్ము మధ్య నుంచి కొరమీనును లాగేవాళ్లను అనాల్సిన మాట కాదది. ముడి జారితే దారం కొస మెలికలు తిరిగి ఉంటుంది. దారమే తెగితే పీచు లేస్తుంది. మీరు తెచ్చి చూపించిన ముక్కలన్నీ పీచు లేచినవే, అవి కూడా ముడికి జానెడు, మూరెడు పైన తెగినవి. వాటినే కవర్లో పెట్టి అతనికి పంపాం. జవాబు లేదు. ఇక అతని దగ్గర సీసం గుండు కూడా కొనం.

మమ్మల్ని నిద్రపోనివ్వనిది మిగిలిన సరుకు సంగతి. 15 పౌండ్లని చీటీ మార్చి సగం ధరకు అమ్మేయమని, జెల్లలకు, చిన్న శీలావతులకు చాలుతుందని దగ్గరివాళ్లు చెప్పారు. అలా చేస్తే పెట్టుబడి చాలావరకు చేతికి వచ్చేది. దారమంతా ఒకే తీరుగా బలం తక్కువైతే చీటీ మార్చడంలో తప్పు లేదు. ఎక్కడ తెగుతుందో తెలియని దారం మీద ఏ అంకె వేయాలి? ఎన్ని విధాల ఆలోచించినా ఆ చీటీ రాయడానికి చేయి రాలేదు. మొత్తం కత్తిరించి పారేస్తున్నాం, అదీ చిన్న చిన్న ముక్కలుగా. పొడుగ్గా వదిలితే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, దారం మీద నమ్మకం పోతే మొదట పాడయ్యేది చేయి. తెగుతుందేమోనని డ్రాగ్, అంటే చేప లాగితే రీలు దారం వదిలే బిగువు, వదులు చేస్తారు. కొరమీనుకు రెండు మీటర్లు దొరికితే చాలు, జమ్ము మొదళ్లకు చుట్టేసుకుంటుంది. గాలం దిగడానికి కర్రను మెత్తగా కొడతారు, గట్టి దవడలో ఎరగా వేసే రబ్బరు కప్ప గాలాలు దిగవు. గుర్రపుడెక్క సందుల్లో వేయాల్సిన కప్పను తేట నీళ్లలో వేస్తారు. నాలుగు విసుర్లకే కప్ప మార్చి, చెరువులో చేప లేదంటారు. దారం ఆగుతుందని తెలిసినవాళ్లు తామరాకు మీద కప్పను కాసేపు నిలిపి, పక్కకు జార్చి, చేప మింగాక ఒక్క క్షణం ఆగి, దారం బిగిశాకే గట్టిగా కొడతారు. ఈ ఓపిక మాటలతో రాదు, కాటా మీద చూసుకుంటే వస్తుంది.

చూసుకునే పద్ధతి ఇది. దారాన్ని ముడి లేకుండా నున్నటి కడ్డీకి పది చుట్లు చుట్టి, రెండో కొసకు పాలోమర్ ముడితో (దారాన్ని రెండు పోగులుగా మడిచి వేసేది) కాటా కొక్కెం కట్టండి. ముడిని తడిపి బిగించండి, రెండు పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కళ్లకు అద్దాలు పెట్టుకుని మెల్లగా లాగండి. కప్పకు ముడి వేసేటప్పుడు ఉచ్చు కప్ప దూరేంత పెద్దదిగా ఉండాలి, ఆ తొందరలోనే చాలా ముడులు చెడుతుంటాయి. కొరమీనుకు డ్రాగ్ పూర్తిగా బిగించండి. కృష్ణపట్నం వైపు ఉప్పునీళ్లలో పండుగప్పకైతే దారం బలంలో నాలుగో వంతుకు పెట్టి, గాలానికి ముందు 40 పౌండ్ల నైలాన్ ముక్కను లీడరుగా కట్టండి. దాని మొప్పల అంచు బ్రెయిడ్‌ను కోసేస్తుంది.

వేరే చోటి నుంచి సరుకు వచ్చేదాకా అంగడిలో బ్రెయిడ్ ఉండదు. వచ్చాక ప్రతి రీలునూ మీ ముందే కాటాకు వేసి ఇస్తాం, ఆ మీటరు మా ఖాతాలోదే. ఈలోపు అడుగు గాలానికి 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారం ఉంది. అది సాగుతుంది కాబట్టి రబ్బరు కప్పకు మాత్రం ఎవరడిగినా ఇవ్వం.