కౌంటీ నిధుల్లో మన భాషకూ చోటు అడగాలి

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియాలో ఏటా పది లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై వేసే 1 శాతం అదనపు పన్ను కౌంటీల మానసిక వైద్యానికి వెళ్తుంది. 2004లో ఓటర్లు తెచ్చుకున్న చట్టం అది. 2024 మార్చిలో ఓటింగులో నెగ్గిన ప్రపోజిషన్ 1 అనే ప్రతిపాదన ఆ డబ్బు పంపకాన్ని మార్చేసింది. 2026 జులై నుంచి కౌంటీ వాటాలో 30 శాతం ఇళ్ల వసతికి, 35 శాతం జబ్బు ముదిరినవారి పూర్తి సంరక్షణకు, 35 శాతం మిగతా సేవలకు. రోడ్డున పడ్డ రోగికి ముందు గూడు కావాలి, కాదనను. కానీ నివారణకూ తొలిదశ సాయానికీ విడిగా ఉన్న 19 శాతం పద్దు ఇక లేదు. తొలిదశ సాయం ఆ చివరి వాటాలోనే సర్దుకోవాలి.

మనవడి కోసం వచ్చిన మా పక్కింటి పిన్నిగారు మానసిక సాయం కోసం ఫోన్ చేసి "గుండెల్లో గుబులుగా ఉందమ్మా" అన్నారు. దుబాసీ దాన్ని గుండెనొప్పి అని చెప్పాడు. ఆవిడ మళ్లీ ఎవరికీ ఫోన్ చేయలేదు.

కౌంటీలు తమ మూడేళ్ల ప్రణాళిక ముసాయిదాను 30 రోజులు ప్రజల ముందు ఉంచి, బహిరంగ విచారణ జరపాలి. తెలుగు తెలిసిన సలహాదారు కావాలని అక్కడ మనమే అడగాలి. ఆ తేదీలను దయచేసి మీ పత్రికలో వేయండి.

- ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా