బాదం పానీయం పాలకు బదులు కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

విజయవాడలో బాదం పాలంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చిక్కగా మరిగిన పాలలో బాదం పొడి, యాలకులు, కుంకుమపువ్వు వేసి సాయంత్రం పూట బండి మీద వేడివేడిగా అమ్మేవే మనకు తెలిసిన బాదం పాలు. సూపర్ మార్కెట్లో అట్టపెట్టెల్లో దొరికే బాదం పానీయంలో పాల చుక్కయినా ఉండదు. బాదం పప్పును నీళ్ళతో రుబ్బి వడకట్టిన ద్రవం అది. ఈ తేడా తెలియక మా ఇంట్లో ఒక పసిబిడ్డ ఇబ్బంది పడింది కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

మా మనవరాలికి రెండేళ్ళు. విరేచనాలు తగ్గిన తరువాత గేదె పాలు పడడం లేదని మా కోడలు ఆ పానీయం తెచ్చి, నాలుగు నెలల పాటు రెండు పూటలా పట్టింది. బాదం బలమని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని కనుక నేనూ కాదనలేదు. పాప బరువు పెరగడం లేదని పిల్లల డాక్టరు గారికి చూపిస్తే, ఆయన పెట్టె తెప్పించుకుని దాని వెనక సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది చదివి వినిపించారు. అందులో బాదం నూటికి మూడు పాళ్ళే. 100 మిల్లీలీటర్లకు మాంసకృత్తులు అర గ్రాము. గేదె పాలలో అవి దాదాపు 4 గ్రాములు ఉంటాయి. పైగా, విడిగా కలిపిన కాల్షియం అడుక్కి దిగుతుంది కనుక ప్రతిసారీ బాగా కుదిపి పోయాలని కూడా అక్కడే రాసి ఉంది. ఇంటికి వచ్చి ఖాళీ పెట్టెను కత్తెరతో కోసి చూస్తే, అడుగున తెల్లటి మడ్డి వేలికి అంటుకుంది. విరేచనాల తరువాత పాలలోని చక్కెర కొన్నాళ్ళు అరగకపోవడం పిల్లల్లో మామూలేనని, ముందు పెరుగుతో మొదలుపెట్టమని డాక్టరు గారు చెప్పారు.

మొక్కల నుంచి తీసిన పానీయాలు వద్దని నేను అనడం లేదు. పాలలోని మాంసకృత్తులే పడని పిల్లలున్నారు, జీవహింస ఇష్టంలేక పాలు మానినవారున్నారు. వారికి సోయా పానీయం చాలావరకు అక్కరకొస్తుంది. 100 మిల్లీలీటర్లలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులుంటాయి, బి12 విటమిన్ మాత్రం విడిగా కలిపితేనే ఉంటుంది. బియ్యంతో చేసినవీ బాదంతో చేసినవీ ఆ కోవలోకి రావు.

ఇలాంటి పానీయాలకు పాలు అనే పేరు వాడరాదని దేశంలో ఆహార భద్రతా ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లోనే ఆదేశించింది. వంటల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న కొబ్బరి పాల వంటి పేర్లకు మినహాయింపు ఉంది, అది సబబే. అయితే పెట్టె మీద పేరు మారినా, మా వీధి చివరి దుకాణంలో వాటిని ఇప్పటికీ పాల పక్కనే, పాలు అన్న చీటీ కిందే పేరుస్తున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి బాదం పానీయం వంటి వాటిపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక, ఇకపై మరిన్ని మధ్యతరగతి ఇళ్ళకు చేరతాయి.

లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలన్న నిబంధన, వాటితో పాటు మరో భాషను వాడుకోవద్దని ఎక్కడా అనలేదు. కాబట్టి మన రాష్ట్రంలో అమ్మే పెట్టెల ముందువైపున మాంసకృత్తులు ఎన్ని గ్రాములో, చిన్నపిల్లలకు పాలకు బదులుగా పనికొస్తుందో రాదో తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించేలా కంపెనీలను ఒప్పించాలని, దుకాణాల్లో వీటిని పాల అరల నుంచి వేరుచేయించాలని ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల ఆహార భద్రతా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.